రక్తం గడ్డకట్టకపోతే?

“నా నెత్తురు యాడికి పోతున్నదిరా కొడుకా?”

పోయిన వానాకాలంలో ఆసుపత్రి మంచం మీద పడుకొని మా నాయిన నన్నడిగిన ప్రశ్న ఇది. పొద్దునా సాయంత్రమూ రక్తం తీసి పరీక్షకు పంపుతున్నారు. కాగితం వచ్చినప్పుడల్లా అంకె తగ్గుతున్నది. లక్షా పదివేలు, తరువాత అరవై రెండు వేలు, ఆ తరువాత ముప్పై ఒక్క వేలు. మార్కెట్ యార్డులో పత్తి ధర పడిపోవడం ఎన్నోసార్లు చూసినవాడు మా నాయిన. పడిపోయే అంకె అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాని ధర పడితే అడగడానికి అడ్తిదారు ఉంటాడు. ఒంట్లో నెత్తురు సంగతి ఎవరిని అడగాలి? డిగ్రీలో జంతుశాస్త్రం చదివే కొడుకు పక్కనే ఉన్నాడు గదా అని నన్నడిగాడు.

నాకు జవాబు రాలేదు. రక్తస్కందనం మీద పది మార్కుల ప్రశ్నకు కారకాల పేర్లన్నీ వరసగా రాసి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. పేర్లు వచ్చు, విషయం రాదు. అంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని తరువాత చెబుతాను. ఆనాటి ప్రశ్నకు జవాబుగా నేను చదివిందీ, డాక్టర్లనడిగి తెలుసుకున్నదీ మిత్రులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను పద్మారావు నగర్‌లో గది తీసుకొని ఉంటున్నాను. మాకు ఒక దిక్కు స్కందగిరి గుడి, ఇంకొక దిక్కు గాంధీ ఆసుపత్రి. 1954లో మొదలైన గాంధీ మెడికల్ కాలేజీ 2003లో ఆసుపత్రితో పాటు ముషీరాబాదులోని ఇప్పటి ఆవరణకు వచ్చింది. మా వీధుల్లో టిఫిన్ డబ్బాలు, దుప్పట్లు పట్టుకొని తిరిగేవాళ్ళలో చాలామంది రోగుల బంధువులే. మా ఊళ్ళో ఎవరికి ఒళ్ళు బాగాలేకపోయినా “మన పిలగాడు గాంధీ పక్కనే ఉంటడు” అని నాకు ఫోను వస్తుంది. ఆ విధంగా వైద్యం చదవకుండానే వార్డులు తిరిగే అనుభవం నాకు దక్కింది.

గండి పూడ్చే పని

మన రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు కాక మూడో రకం ఉన్నాయి. పాఠ్యపుస్తకం వాటిని రక్తఫలకికలు అంటుంది, లోకం ప్లేట్‌లెట్లు అంటుంది. 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బిజ్జొజెరో వీటిని వేరుగా గుర్తించి, రక్తం ఆగడంలో వీటికి పాత్ర ఉందని చూపాడు. నిజానికి ఇవి పూర్తి కణాలు కావు. ఎముక మజ్జలో మెగాకేరియోసైట్లనే పెద్ద పెద్ద కణాలుంటాయి. వాటి అంచులు తునకలుగా విడిపోయి రక్తంలోకి వస్తాయి. ఆ తునకలే ఫలకికలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యోవంతుకు రెండు మూడింతలు మాత్రమే ఉంటుంది. కేంద్రకం లేదు. ఆయుష్షు ఎనిమిది నుంచి పది రోజులు. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు లక్షన్నర నుంచి నాలుగు లక్షలు, ఒక్కొక్కరిలో నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. మన మజ్జ రోజూ దాదాపు పదివేల కోట్ల ఫలకికలను తయారుచేస్తుందంటే ఆశ్చర్యం వేస్తుంది.

వీటి పని తెలియాలంటే మా ఊరి చెరువు కట్టకు గండి పడ్డ రోజు గుర్తు చేసుకుంటే చాలు. ముందు తూము దించి నీటి ఒరవడి తగ్గిస్తారు. తరువాత దొరికినవాడు దొరికినట్టు ఇసుక మూటలు తెచ్చి గండిలో వేస్తాడు. ఒకడు కేక వేస్తే పదిమంది, పదిమంది కేక వేస్తే వందమంది వస్తారు. చివరకు కంప, తడకలు అడ్డం వేసి మట్టి కదలకుండా బిగిస్తారు.

కొడవలి తగిలి వేలు తెగినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. మొదట రక్తనాళం ముడుచుకుంటుంది. తెగిన చోట నాళం గోడలోని కొల్లాజెన్ బయటపడుతుంది. వాన్ విల్లిబ్రాండ్ కారకం అనే మాంసకృత్తు జిగురులాగా పనిచేసి ఫలకికలను అక్కడ అంటిస్తుంది. అంటుకున్న ఫలకికలు ఏ.డి.పి., త్రాంబాక్సేన్ అనే పదార్థాలను విడుదల చేస్తాయి. అవే కేకలు. ఆ కేక విని మిగతా ఫలకికలు వచ్చి గుమికూడతాయి. ఈలోగా ప్లాస్మాలోని స్కందన కారకాలు ఒకదాన్నొకటి మేల్కొలుపుతూ చివరకు త్రాంబిన్‌ను తయారుచేస్తాయి. త్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాలే మన తడక. ఈ కారకాలకు పదమూడు దాకా నంబర్లున్నాయి, మధ్యలో ఆరో నంబరు మాత్రం ఇప్పుడు లేదు. అంతా మానిన తరువాత ప్లాస్మిన్ అనే ఎంజైము వచ్చి గడ్డను కరిగిస్తుంది. కట్టడమూ, కూల్చడమూ రెండూ శరీరానికి తెలుసు. ఆ రెంటి సమతూకం తప్పితేనే రోగం.

అంకె ఎందుకు పడుతుంది?

ఫలకికలు తగ్గడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. తయారీ తగ్గవచ్చు, తయారైనవి త్వరగా నశించవచ్చు, లేదా ప్లీహంలో నిలిచిపోవచ్చు. మామూలుగానే మూడోవంతు ఫలకికలు ప్లీహంలో నిలవ ఉంటాయి. ఏ కారణం చేతనైనా ప్లీహం పెరిగితే ఆ నిలవ పెరిగి, బయట తిరిగేవి తగ్గుతాయి.

డెంగీలో మొదటి రెండూ కలిసి వస్తాయి. వైరస్ మజ్జ పనిని కొన్నాళ్ళు మందగింపజేస్తుంది. మరొకవైపు మన రక్షణ వ్యవస్థే ఫలకికలను శత్రువులనుకొని నాశనం చేస్తుంది. మలేరియాలోనూ ఫలకికలు తగ్గుతాయి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో చూసింది మన సికింద్రాబాదు పక్కన బేగంపేటలోనే. దోమ చేసే అపకారాన్ని లోకానికి చెప్పిన ఊరే ఇప్పటికీ ప్రతి వానాకాలం దోమల చేత బాధపడుతున్నది!

ఏ జ్వరమూ లేకుండా రక్షణ వ్యవస్థ ఫలకికల మీద తిరగబడే జబ్బు కూడా ఉంది. దాన్ని ఐ.టి.పి. అంటారు. చిన్నపిల్లల్లో ఏదో వైరస్ జ్వరం తగ్గిన తరువాత ఇది వచ్చి, చాలామందిలో తనంతట తానే పోతుంది. దీని కారణం రక్తంలోనే ఉందని రుజువు చేయడానికి 1950లో అమెరికాలో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు రోగి రక్తాన్ని తనలోకి ఎక్కించుకున్నాడు. కొద్ది గంటల్లోనే ఆయన ఫలకికలు ప్రమాదకరంగా పడిపోయాయి, మూర్ఛ కూడా వచ్చింది. అదృష్టం కొద్దీ కోలుకున్నాడు. ఆ సాహసం వల్లే రోగి ప్లాస్మాలో ఫలకికలను చంపేది ఏదో ఉందని తేలింది. ఇప్పుడు దాన్ని ప్రతిరక్షకమని పిలుస్తున్నాం.

తిండి లోపం వల్ల కూడా తయారీ దెబ్బతింటుంది. ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిన్ లేకపోతే మజ్జలో కణాలు సరిగా విభజన చెందవు. ఎర్రకణాలతో పాటు ఫలకికలూ తగ్గుతాయి. ఇక్కడ మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన సోదరుణ్ణి స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నాడు. ఆ వ్యాధిలో పేగులు ఫోలిక్ ఆమ్లాన్ని గ్రహించలేవు. తరువాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినాప్టెరిన్‌నూ వాళ్ళే తయారుచేశారు. 1947లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త కాన్సరు పిల్లలకు వాడడం మొదలుపెట్టాడు. ఇచ్చేదీ ఫోలిక్ ఆమ్లమే, అడ్డుకునేదీ ఫోలిక్ ఆమ్లాన్నే! ఈనాటికీ కాన్సరు మందులు చాలావాటి వల్ల మజ్జ దెబ్బతిని ఫలకికలు పడిపోతాయి. అందుకే ఆ మందులు వాడేవాళ్ళకు మాటిమాటికీ రక్తపరీక్ష చేస్తారు. అన్నట్టు, ఫలకికలు వేసే కేకగా చెప్పిన ఏ.డి.పి.కి మూలమైన ఏ.టి.పి.ని 1929లో ఫిస్కెతో కలిసి గుర్తించినవాడు కూడా సుబ్బారావుగారే. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కె-సుబ్బారావు పద్ధతి మన ప్రయోగశాలల్లో అందరికీ తెలిసిందే.

అతిగా తాగేవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. మద్యం మజ్జను నేరుగా అణచివేస్తుంది. కాలేయం పాడైతే ప్లీహం పెరుగుతుంది. స్కందన కారకాల్లో ఎక్కువభాగం తయారయ్యేది కాలేయంలోనే కాబట్టి అవీ తగ్గుతాయి. మూటలూ లేవు, తడకలూ లేవు. రక్తపు వాంతులు ఊరికే రావు.

గర్భిణుల్లో చివరి నెలల్లో ఫలకికలు కొంచెం తగ్గడం సాధారణమే, ప్రసవం తరువాత సర్దుకుంటుంది. బాగా తగ్గినా, దానితో పాటు రక్తపోటు పెరిగినా మాత్రం ఆలస్యం చేయరాదు. ఇంకొక విచిత్రం కూడా ఉంది. కొందరి రక్తం పరీక్ష గొట్టంలోని రసాయనం వల్ల గొట్టంలోనే ఫలకికల గుంపులు కడుతుంది. యంత్రం గుంపును ఒక్కటిగా లెక్కపెట్టి, లేని జబ్బును చూపిస్తుంది. అందుకని అనుమానం వచ్చినప్పుడు గాజు పలక మీద రక్తం పూసి సూక్ష్మదర్శినిలో కంటితో చూస్తారు.

లెక్క సరిగానే ఉన్నా

ఇక సిగ్గుపడవలసిన సంగతి. నాయినకు జ్వరం వచ్చిన రెండో రోజు ఇంటికి ఫోను చేశాను. “ఒళ్ళంతా రోకలితో దంచినట్టున్నది, కీళ్ళు గుంజుతున్నయి” అన్నాడు. “నొప్పుల బిళ్ళ వేసుకో నాయినా, తగ్గుతది” అన్నది నేనే. రోజుకు రెండు చొప్పున మూడు రోజులు వేసుకున్నాడు. కొడుకు సైన్సు చదివినవాడు గదా, ఇంకెవరినీ అడగలేదు. నాలుగో రోజు పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది, ఎంతసేపటికీ ఆగలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న, “ఏం మాత్రలు వాడారు?” అట్ట చూపించాను. ఆయన నన్ను తిట్టలేదు. “ఈ మాత్రతో ఫలకికల లెక్క తగ్గదు బాబూ, వాటి చేతులు కట్టేస్తుంది. అసలే కొద్దిమంది ఉన్న చోట చేతులు కట్టేస్తే ఎట్లా?” అన్నారు.

ఆస్పిరిన్ చేసేది అదే. ఫలకికలోని సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైమును అది శాశ్వతంగా అడ్డుతుంది. ఇక త్రాంబాక్సేన్ తయారు కాదు, కేక వినిపించదు. ఆస్పిరిన్ పనిచేసే తీరును 1971లో వివరించిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫలకికకు కేంద్రకం లేదు కాబట్టి కొత్త ఎంజైమును తయారుచేసుకోలేదు. ఆ ఫలకిక బతికినన్నాళ్ళూ అంతే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కూడా అదే ఎంజైమును అడ్డుతాయి, కాకపోతే మందు ప్రభావం ఉన్నంతసేపే. పైగా ఇవి కడుపులో పొరను కూడా గాయపరుస్తాయి. కాబట్టి డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఆస్పిరిన్, నొప్పుల బిళ్ళలు కూడవు. తగిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే వాడాలి.

అయితే ఇదే ఆస్పిరిన్ గుండెజబ్బు వచ్చినవాళ్ళకు ప్రాణం నిలిపే మందు. నీళ్ళు పారవలసిన కాలువలో ఎవడో కట్ట వేస్తే కింది పొలం ఎండిపోతుంది. గుండె నాళంలో గడ్డ కట్టడం అటువంటిదే. అక్కడ ఫలకికల చేతులు కట్టడమే కావాలి. క్లోపిడోగ్రెల్ అనే మందు ఏ.డి.పి. కేక వినిపించకుండా ఫలకికల చెవులు మూస్తుంది. ఈ మందులు రోజూ వాడుతున్నవాళ్ళు ఈ వ్యాసం చదివి భయపడి మానుకోరాదు. జ్వరం వస్తే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి, అంతే.

పశువుల నుంచి వచ్చిన మందు

రైతుబిడ్డను కాబట్టి ఈ కథ నాకు మరీ నచ్చింది. 1920లలో కెనడాలోను, అమెరికా ఉత్తర ప్రాంతాల్లోను పశువులు చిన్న గాయానికే రక్తం కారి చనిపోసాగాయి. అవి తిన్నది బూజు పట్టిన స్వీట్ క్లోవర్ ఎండుమేత. 1933లో విస్కాన్సిన్‌లో ఒక రైతు చచ్చిన ఆవును, గడ్డకట్టని రక్తం నింపిన డబ్బాను వేసుకొని మంచుతుఫానులో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడి కార్ల్ లింక్ బృందం ఏళ్ళ తరబడి పనిచేసి ఆ మేతలోని డైకుమరాల్‌ను వేరుచేసింది. దాని వంశంలోదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954 నుంచి మనుషులకు వైద్యంగా మారింది. ఇది విటమిన్ కె పనిని అడ్డుతుంది. అది లేకపోతే రెండు, ఏడు, తొమ్మిది, పది నంబర్ల కారకాలు పనికిరావు. ఫలకికల లెక్క నిండుగా ఉంటుంది కాని తడక అల్లుకోదు. ఈనాడు పొలాల్లో వాడే బ్రొమడయొలోన్ వంటి ఎలుకల మందులు ఆ కుటుంబంలోని ఇంకా బలమైనవి, వారాల తరబడి ఒంట్లో ఉంటాయి. పొరపాటున పిల్లలు మింగితే ఆ రోజు ఏమీ తెలియదు, రెండు మూడు రోజుల తరువాత రక్తస్రావం మొదలవుతుంది. “ఏం కాలేదు లే” అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. విరుగుడుగా విటమిన్ కె ఉంది.

పొలంలోని ఇంకొక శత్రువు రక్తపింజరి. దీని విషం స్కందన కారకాలను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. ఒళ్ళంతా అనవసరంగా ఫైబ్రిన్ తయారై, ఉన్న ఫైబ్రినోజన్ అంతా ఖర్చయిపోతుంది. ఇక అసలు గాయానికి తడక మిగలదు. మా చిన్నతాత వరికోతల్లో ఈ పాము కరిచే చనిపోయాడు. తాడు కట్టారు, మంత్రం వేయించారు, తెల్లారేసరికి మూత్రంలో రక్తం వచ్చింది. చిన్న ఆసుపత్రిలో కూడా చేయగల పరీక్ష ఒకటుంది. కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం రక్తంలోకి చేరినట్టే. అప్పుడు పాము విషానికి విరుగుడు ఇంజక్షన్ తప్పదు. కరిచిన చోట కోయడం, తాడు బిగించడం కీడు. కదలకుండా ఉంచి బండిలో వేసుకొని పోవడమే మేలు. ఇంతటి విషాన్ని 1934లో ఇంగ్లండులో మాక్‌ఫార్లేన్ హీమోఫీలియా రోగుల గాయాల మీద పలచగా వాడి రక్తం ఆపాడు!

గడ్డ ఎక్కువైతే

ఎక్కువసేపు కదలకుండా మంచం పట్టినవాళ్ళలో, పెద్ద ఆపరేషన్ తరువాత, కొన్ని కాన్సర్లలో, ప్రసవం ముందూ తరువాతా, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడేవాళ్ళలో కాలి సిరల్లో గడ్డ కట్టే అవకాశం పెరుగుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. 2020లో గాంధీని పూర్తిగా కోవిడ్ ఆసుపత్రిగా మార్చినప్పుడు మా వీధిలో అంబులెన్సుల కూత ఆగేది కాదని ఇంటి ఓనరమ్మగారు చెబుతారు. ఆ జబ్బు కూడా ఎందరిలోనో రక్తాన్ని అనవసరంగా గడ్డకట్టించింది. అందుకే ఆసుపత్రిలో చేరినవాళ్ళకు హెపారిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. హెపారిన్‌తోనూ అరుదుగా ఒక తిరకాసు ఉంది. కొందరిలో అది ఫలకికలను తగ్గిస్తూనే గడ్డలు కట్టిస్తుంది. అంకె తగ్గితే రక్తం కారుతుందనే సూత్రం అన్నిచోట్లా చెల్లదన్నమాట.

నాయినకు చెప్పిన జవాబు

అయిదో రోజు అంకె ఇరవై నాలుగు వేలు. జ్వరం మాత్రం దిగింది. ఊళ్ళో చిన్నాయిన బర్రెను అమ్మడానికి బేరం పెట్టాడు, ఫలకికలు కొనాలని. నా గదిలోని స్నేహితులు నలుగురు రక్తం ఇవ్వడానికి వచ్చి వరండాలో కూర్చున్నారు. ఎవరో బొప్పాయి ఆకు రసం తెచ్చారు. డాక్టరుగారు అంకె వైపు ఒక్కసారి చూసి, నాయిన నాడి, రక్తపోటు, మూత్రం లెక్క, పొట్ట చాలాసేపు చూశారు. “ఫలకికలు ఇప్పుడు ఎక్కించం. రక్తస్రావం ఆగింది. సాధారణంగా పదివేల కంటే తగ్గితేనో, రక్తం బాగా పోతుంటేనో ఎక్కిస్తాం. నాకు భయం ఈ అంకెతో కాదు, నాళాల్లోంచి ఊరిపోయే నీటితో” అన్నారు.

డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా అదే. జ్వరం దిగే సమయంలోనే రక్తనాళాల గోడలు జల్లెడలాగా మారి ప్లాస్మా బయటికి ఊరుతుంది. రక్తం చిక్కబడి, రక్తపోటు పడిపోతుంది. కడుపులో ఆగని నొప్పి, మాటిమాటికీ వాంతులు, చిగుళ్ళ నుంచీ ముక్కు నుంచీ రక్తం, నల్లటి విరేచనం, చేతులూ కాళ్ళూ చల్లబడడం, మత్తు, మూత్రం తగ్గడం వస్తే క్షణం ఆలస్యం చేయరాదు. ఎక్కించిన ఫలకికలు కూడా వెంటనే నశిస్తాయి కాబట్టి ఊరికే ఎక్కించి లాభం లేదు. బొప్పాయి రసం మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి గాని, ప్రాణం కాపాడుతుందని రుజువు కాలేదు. చాలామందిలో వారం రోజులకు మజ్జ తానే మేలుకుంటుంది. ఆ రోజు ఎవరు ఏది తాగించారో దానికి పేరు వస్తుంది!

ఆ రాత్రి నాయిన పక్కన కూర్చొని చెప్పాను. “నీ నెత్తురు యాడికీ పోలేదు నాయినా. గండి పూడ్చేటోళ్ళు కొంతమంది చచ్చిన్రు, కొంతమంది పనికి రాలేదు. ఉన్నోళ్ళ చేతులు నేను చెప్పిన బిళ్ళ కట్టేసింది. రెండు రోజులైతే కొత్తోళ్ళు వస్తరు.” ఆయన కాసేపు ఊరుకొని, “నువ్వు చెప్పినవని కాదురా, నొప్పికి తాళలేక వేసుకున్న” అన్నాడు. నన్ను కాపాడడానికి అన్న మాట అది. మర్నాడు నలభై ఒక్క వేలు, ఆ మర్నాడు డెబ్భై ఎనిమిది వేలు. బర్రె ఇంట్లోనే ఉంది.

మిత్రులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. మన ఇళ్ళలో మనమే డాక్టర్లం, ఫోనులో మనం చెప్పిన మాటే మందు. తెలియని చోట “నాకు తెలియదు, డాక్టరుకు చూపించండి” అనడం కూడా చదువే. ఇంకొక్క మాట. ఫలకికలను రక్తనిధిలో అయిదు రోజులకు మించి నిలవ ఉంచలేరు. ఇరవై నుంచి ఇరవై నాలుగు డిగ్రీల వేడిలో, ఆపకుండా కదుపుతూ ఉంచాలి. అందుకని కాన్సరు వార్డులో పిల్లలకు ఎప్పుడూ కొరతే. ఆరోగ్యంగా ఉన్న మనం ఇచ్చినవి కొద్ది రోజుల్లోనే మన మజ్జ తిరిగి నింపుతుంది. ఆస్పిరిన్ వేసుకొని మూడు రోజులు దాటకపోతే మాత్రం తీసుకోరు. ఎందుకో ఇప్పుడు మీకు నేను చెప్పనక్కరలేదు.